పందిరి కింద ఏం జరుగుతుంది?

మబ్బు లేని మే నెల మిట్టమధ్యాహ్నం నేల మీద ఒక్కో చదరపు మీటరుకూ దాదాపు 1,000 వాట్ల సూర్యశక్తి పడుతుంది. ఇస్త్రీపెట్టె ఆగకుండా కాలుతూ ఉంటే ఖర్చయ్యే శక్తి ఇంచుమించు అంతే. వాతావరణానికి పైన ఇది సుమారు 1,361 వాట్లు. గాలి, నీటి ఆవిరి, దుమ్ము కొంత మింగి, కొంత చెదరగొట్టగా మిగిలింది నెత్తిన పడుతుంది. తాటాకు పందిరి, షామియానా, రేకుల షెడ్డు, ఆకుపచ్చ నెట్టు, ఇవన్నీ ఆ ఎండను ఆపడానికి పుట్టినవే. అయినా అన్ని నీడలూ ఒకటి కావు. పెళ్ళింట్లో తాటాకు పందిరి కింద చుట్టాలు మధ్యాహ్నమంతా కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. పెరట్లో రేకుల షెడ్డు కిందికి చేరిన వంటవాళ్ళకు పొయ్యి వెలిగించకముందే చెమటలు పడతాయి. రెండు చోట్లా ఎండ లేదు. గాలి బాగా ఆడుతుంటే రెండు చోట్లా థర్మామీటరు చూపించే అంకెలో పెద్ద తేడా కూడా ఉండదు.

అసలు వాతావరణ వార్తల్లో వినిపించే అంకె నీడలో కొలిచినదే. రెంటచింతలలో 45 డిగ్రీలు అంటే, ఎండ సోకకుండా దాచిన థర్మామీటరు చూపిన వేడి అని అర్థం. దాన్ని దాచే తెల్లటి చెక్కపెట్టెను 19వ శతాబ్దంలో స్కాట్లండ్‌కు చెందిన లైట్‌హౌస్ ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ తయారుచేశాడు. ‘ట్రెజర్ ఐలండ్’ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఈయన కొడుకే. పెట్టె గోడలు నాలుగూ ఏటవాలు పలకలు. గాలి వస్తుంది, ఎండ రాదు. కప్పు రెండు పొరలు. పై పొర ఎండకు కాగినా కింది పొర అంతగా కాగదు, మధ్యలో గాలి ఆడి ఆ వేడిని లాక్కుపోతుంది. ఇంత పొందికగా కట్టిన పందిరి లోకంలో మరొకటి లేదేమో, కాకపోతే అందులో కూర్చునేది థర్మామీటరు.

కాబట్టి ఏ పందిరీ ఆ 45 డిగ్రీలను 35 చెయ్యలేదు. అది తగ్గించేది ఒంటి మీద పడే వికిరణాన్ని. ఆరుబయట నిలబడ్డ మనిషికి వేడి ఎన్నో వైపుల నుంచి వస్తుంది: సూర్యుడి నుంచి నేరుగా, ఆకాశం చెదరగొట్టిన వెలుగుతో, నేల తిప్పికొట్టిన ఎండతో, కాగిన తారురోడ్డు, గోడలు విడిచే కంటికి కనబడని పరారుణ కిరణాలతో. దీన్ని పట్టుకోవడానికి నల్లరంగు పూసిన 15 సెంటీమీటర్ల రాగి గోళంలో థర్మామీటరు పెట్టి కొలుస్తారు. మండుటెండలో ఈ గోళం చూపే వేడి గాలి వేడి కంటే పది, పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉండడం మామూలే. వడదెబ్బ ప్రమాదాన్ని అంచనా వేసే సూచికలో ఈ గోళం అంకెకు అయిదో వంతు ప్రాధాన్యం ఇస్తారు. నీడలోకి రాగానే పడిపోయేది ముఖ్యంగా ఈ అంకె.

రేకుల షెడ్డు కథ ఇక్కడే తేలుతుంది. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ తానే వికిరణాన్ని విడుస్తుంది. అది ఎంత అన్నది పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందని 19వ శతాబ్దం చివర్లో స్టెఫాన్, బోల్ట్జ్‌మన్ తేల్చారు. రంగు వేసిన రేకు గానీ, తుప్పు పట్టిన రేకు గానీ మధ్యాహ్నం 60 డిగ్రీలకు చేరితే తన కింద చదరపు మీటరుకు 700 వాట్ల దాకా కుమ్మరిస్తుంది. 35 డిగ్రీల చర్మం తిరిగి విడిచేది సుమారు 510 వాట్లు. అంటే పైకి చూస్తున్న చర్మానికి చదరపు మీటరుకు 190 వాట్లు మిగులు. అదే పందిరి అడుగు ఆకు 43 డిగ్రీల దగ్గర ఆగితే విడిచేది 565 వాట్లు, మిగులు 55 మాత్రమే. రేకు ఎండను పూర్తిగా ఆపింది, నిజమే. ఆపిన ఎండను తాను మింగి, కంటికి కనబడకుండా కిందికి పంపుతోంది.

కొత్త రేకు తళతళలాడుతుంది కనుక చల్లగా ఉండాలని అనిపిస్తుంది. ఎండను అది బాగానే తిప్పికొడుతుంది. కానీ మెరిసే లోహానికి మరో గుణం ఉంది: మింగిన కాస్త వేడిని పరారుణ రూపంలో వదులుకోవడం దానికి సరిగా చేతకాదు. అందుకే ఎండలో వదిలేసిన స్టీలు చెంబు ముట్టుకుంటే చుర్రుమంటుంది. సున్నం, తెల్లరంగు రెండు పనులూ చేస్తాయి. ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పికొడతాయి, మింగిన కొద్దిపాటి వేడినీ ఆకాశంలోకి ధారాళంగా వదిలేస్తాయి. డాబాకు వేసవిలో సున్నం కొట్టే పాత అలవాటు వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇదే. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన చల్లని పైకప్పుల విధానం కూడా దీని మీదే ఆధారపడింది.

తాటాకు తెల్లగా ఉండదు. దాని చల్లదనం అమరికలోంచి వస్తుంది. చలువ పందిరి వేసేవాళ్ళు ముందు గుంతలు తీసి సరుగుడు రాటలు పాతుతారు, వాటి మీద వెదురు వాసాలు అడ్డంగా, నిలువుగా కడతారు. మట్ట దగ్గర కోసిన తాటాకులను కొన్నాళ్ళు బరువు కింద అదిమి చదును చేసి, ఒకదాని మీద ఒకటి పడేలా పరుస్తారు. గాలికి లేవకుండా పైన మళ్ళీ సన్న వెదురు బద్దలు పెట్టి తాడుతో బిగిస్తారు. కోనసీమలో తాటాకు బదులు కొబ్బరాకు: మట్టను నిలువునా చీల్చి, ఆకులను నానబెట్టి ఒకదానిలో ఒకటి దూర్చి అల్లిన తడికలు. ఎలా కట్టినా ఒక్కో చోట రెండు మూడు ఆకులు పడతాయి, ఆకుకూ ఆకుకూ మధ్య పలచటి గాలి పొర మిగులుతుంది. పై ఆకు సూర్యుణ్ణి చూస్తుంది. కింది ఆకు పై ఆకును మాత్రమే చూస్తుంది. స్టీవెన్సన్ పెట్టె రెండు పొరల కప్పు పని ఇక్కడ ఆకులే చేస్తాయి. అదీగాక సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. రేకు కింద అది ఎటూ పోలేక గుమిగూడుతుంది.

ఆకు వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది. ఏ వస్తువును తాకి వీచే గాలైనా దాని ఉపరితలం మీద కదలని పలచటి పొరను మిగులుస్తుంది. వేడి ఆ పొరను దాటుకుని పోవాలి. వెడల్పు పలక మీద ఆ పొర మందంగా తయారవుతుంది, సన్నటి ముక్క మీద మందం ఎక్కేలోపే ముక్క అయిపోతుంది. చింతాకు అంత చిన్నది కనుకే ఎంత ఎండలోనూ గాలి వేడిని మించి పెద్దగా కాగదు. క్యోటో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ కిటుకును గణితంలో పెట్టారు: చిన్న త్రికోణపు ముక్కలను, వాటి మధ్య చిన్నా పెద్దా ఖాళీలను ఫ్రాక్టల్ పద్ధతిలో పేర్చి, చెట్టు ఆకుల తీరును అనుకరించే కృత్రిమ పందిరి తయారుచేశారు. ఎండ దాదాపుగా ఆగుతుంది, పందిరి మటుకు వేడెక్కదు.

బతికి ఉన్న ఆకుకు ఇంకో సదుపాయం ఉంది: నీరు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్ళ వేడి కావాలి. కిలోవాట్ హీటరు 40 నిమిషాలు ఇచ్చేంత. వేరు తడి తగిలినంత కాలం వేపచెట్టు, కానుగచెట్టు, ఇంటి ముందు సన్నజాజి పందిరి ఆ వేడిని ఆకుల దగ్గరే ఖర్చుపెడతాయి. పందిరి మీద పాకిన బీర, కాకర తీగల కింద కూర్చున్నప్పటి హాయికి ఇది సగం కారణం. వట్టివేళ్ళ తడికలను తడపడంలోనూ ఇదే సూత్రం. పొడిగాలి వీచే రాయలసీమలో, తెలంగాణలో అవి బాగా పనిచేస్తాయి. గాలిలో అప్పటికే ఆవిరి నిండి ఉన్న సముద్ర తీరంలో అంతంత మాత్రమే.

తాటాకు సందుల్లోంచి దిగే ఎండ నేల మీద రూపాయి బిళ్ళల్లా గుండ్రంగా పడుతుంది. సందు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రమే, ఎందుకంటే అది సూర్యుడి బొమ్మ. ప్రతి చిన్న సందూ లెన్సు లేని కెమెరాలా పనిచేస్తుంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం సూర్యుడి వ్యాసానికి దాదాపు 108 రెట్లు. కాబట్టి సూర్యుడు నడినెత్తిన ఉండగా 3 మీటర్ల ఎత్తు పందిరి కింద పడే మచ్చ వ్యాసం 300 సెంటీమీటర్లను 108తో భాగిస్తే వచ్చేంత, అంటే 2.8 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి కొలిచి ఎవరైనా సరిచూసుకోవచ్చు. 2020 జూన్ 21న తెలుగు రాష్ట్రాల్లో పాక్షికంగా కనబడిన సూర్యగ్రహణం వేళ, మబ్బు అడ్డురాని చోట్ల, పందిళ్ళ కిందా చెట్ల కిందా ఈ బిళ్ళలన్నీ ఒక్కసారిగా నెలవంకలయ్యాయి.

నీడ నాణ్యత ఒక సంగతి, నీడ ఎక్కడ పడుతుందన్నది మరొకటి. మన దేశంలో కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న ఊళ్ళలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. విజయవాడలో మొదటిసారి మే మొదటి వారంలో, రెండోసారి ఆగస్టు మొదటి వారంలో. ఆ రోజుల్లో పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు పందిరి నీడ సరిగ్గా పందిరి కిందే ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి సూర్యుడు పడమటి దిక్కున సుమారు 34 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. 3 మీటర్ల ఎత్తు పందిరి నీడ అప్పటికి తూర్పుకు నాలుగున్నర మీటర్లు జరిగిపోతుంది. చిన్న పందిరైతే నీడ మొత్తం పక్కింటి వాకిట్లో ఉంటుంది. అందుకే పడమటి వైపు తడిక కట్టడం, ఆ వైపు చూరును కిందికి దించడం. పందిరి ఎత్తు పెంచితే గాలి బాగా ఆడుతుంది, కాగిన కప్పు తలకు దూరమవుతుంది. కానీ ఎత్తు పెరిగేకొద్దీ నీడ ఇంకా దూరం పారిపోతుంది. బస్టాపు షెల్టర్లలో చాలావాటికి ఈ లెక్క ఎవరూ వేసినట్టు కనిపించదు. సాయంత్రం నాలుగింటికి బస్సు కోసం జనం షెల్టరు వెనక నిలబడి ఉంటారు.

రాత్రి లెక్క తిరగబడుతుంది. తేమ తక్కువున్న తేటని ఆకాశం పరారుణ వికిరణానికి తెరిచిన కిటికీ లాంటిది. 8 నుంచి 13 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యంలో నేల విడిచిన వేడి సరాసరి అంతరిక్షంలోకి పోతుంది. నెత్తిన కప్పు ఉంటే అది పోదు. పందిరి కింద మంచు కురవకపోవడానికీ, వేసవి రాత్రి మంచాలు పందిరి కింద నుంచి ఆరుబయటికి మారడానికీ కారణం ఒకటే. పగలు కప్పి రాత్రి తెరవగలిగే పందిరి ఉంటే రెండూ దక్కుతాయి. మదీనాలో ప్రవక్త మసీదు ప్రాంగణంలో అలాంటివి 250 ఉన్నాయి: ఒక్కోటి పాతిక మీటర్ల పైచిలుకు భుజం ఉన్న చతురస్రాకారపు గొడుగు, యంత్రాలతో విచ్చుకుని ముడుచుకుంటుంది. ఎండ ఎక్కే వేళకు తెరుస్తారు, పొద్దు వాలాక మూస్తారు. పగలంతా నేల దాచుకున్న కాస్త వేడీ రాత్రి ఆకాశానికి పోతుంది.

ఇంతవరకూ ఎండ గురించి. వాన వచ్చేసరికి పందిరి గుణాలన్నీ దోషాలవుతాయి. వేడిగాలిని పైకి పంపిన సందులే నీటిని కిందికి దించుతాయి. చలువ పందిరి కప్పు బల్లపరుపు, గుడిసె కప్పు నిటారు. ఆకు రెండింటికీ ఒకటే అయినా వాలు వేరు. వాలు ఎక్కువైతే నీటిబొట్టు సందులోకి జారకముందే కింది ఆకు మీదికి, అక్కణ్ణుంచి ఇంకా కింది ఆకు మీదికి దొర్లి చూరు చేరుతుంది. గుడ్డలో మరో మాయ ఉంది. గొడుగు గుడ్డ నేతలో కంటికి కనబడని రంధ్రాలున్నా తలతన్యత వల్ల నీరు వాటిని దాటలేదు. కాన్వాసు గుడారంలో లోపలి నుంచి వేలు తగిలిస్తే ఆ చోట కారడం మొదలవుతుంది.

టార్పాలిన్‌కు రంధ్రాల బెడద లేదు, బరువు బెడద ఉంది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు, అంటే ఒక కిలో. వాలు లేకుండా కట్టిన టార్పాలిన్ నడుమ కాస్త కుంగుతుంది, అక్కడ నీరు చేరుతుంది, ఆ బరువుకు ఇంకా కుంగుతుంది, ఇంకా నీరు చేరుతుంది. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న గుంటలో సగటున 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే 400 కిలోలు. వాన మధ్యలో ఎవరో ఒకరు కర్ర పట్టుకుని కింద నుంచి టార్పాలిన్‌ను పొడుస్తూ తిరగడం పల్లె పెళ్ళిళ్ళలో మామూలు దృశ్యమే. ఆ పని చేయకపోతే ముందు తెగేది తాడు, తర్వాత విరిగేది రాట.

పందిళ్ళను ఎక్కువగా కూల్చేది మాత్రం గాలి. గాలి పీడనం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే పీడనం న్యూటన్లలో వస్తుంది. భవనాల భారాలకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875లో ఉన్న సూత్రం ఇదే. వేసవి సాయంత్రపు ఈదురుగాలి గంటకు 72 కిలోమీటర్లతో వీచిందనుకుంటే, అంటే సెకనుకు 20 మీటర్లు, పీడనం 240 న్యూటన్లు, సుమారు 24 కిలోల బరువుకు సమానం. 15 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవున్న షామియానా వైశాల్యం 42 చదరపు మీటర్లు. గుడ్డ ఆకారాన్ని బట్టి, గాలి వచ్చే దిక్కును బట్టి కొంత అటూ ఇటూ అయినా, దాని మీద పనిచేసే బలం ఒక టన్ను దరిదాపుల్లో ఉంటుంది. గాలి వేగం రెట్టింపైతే నాలుగు టన్నులు. అదే ప్రమాణంలో హైదరాబాదుకు నిర్దేశించిన మూల వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నం, విజయవాడలకు 50. తాత్కాలిక పందిరి ఏదీ అంత గాలిని తట్టుకునేలా కట్టరు. గాలి వస్తుందని తెలిస్తే గుడ్డ దించెయ్యడమే దానికి తగిన రక్షణ.

ఈ బలం కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నాలుగు వైపులా తెరిచి ఉన్న పందిరిలో గాలి కప్పు కిందికి దూరి పైకి నెడుతుంది, కప్పు మీదుగా వేగంగా పోయే గాలి పైకి పీలుస్తుంది. రాట నిలబడేది బరువు మోయడానికి. ఆ రాటే గాలిలో నేలలోంచి పీక్కుని వస్తుంది. అందుకే మోకులు ఏటవాలుగా లాగి గూటాలకు కడతారు. సిమెంటు నేల మీద గూటం దిగదు కనుక ఇసుక బస్తాలు పెడతారు. 50 కిలోల బస్తా రాటకు ఒకటి చొప్పున పెడితే ఆ టన్ను ముందు ఏపాటి? 2019 జూన్ 23న రాజస్థాన్‌లో అప్పటికి బార్మేర్ జిల్లాలో ఉన్న జసోల్‌లో రామకథ జరుగుతున్న పెద్ద పందిరి ఈదురుగాలికి కూలి పదిమందికి పైగా చనిపోయారు.

గాలిని ఎదిరించడానికి రెండు దారులున్నాయి. ఒకటి దాన్ని పోనివ్వడం. కడియం నర్సరీల్లో మొక్కల మీద కప్పే పాలిథిలిన్ నెట్టు 50 శాతం, 75 శాతం నీడ అన్న లెక్కన దొరుకుతుంది. ఆగే వెలుగు సగమో, ముప్పాతికో, గాలికి దారి మాత్రం ఉంటుంది. ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర ఇటీవలి వేసవుల్లో కొన్ని నగరాలు కడుతున్నది ఈ నెట్టునే. రెండో దారి గాలికి పట్టు దొరకని ఆకారం. కోస్తా ఆంధ్ర చుట్టిళ్ళు గుండ్రంగా, కప్పు శంకువులా నిటారుగా, చూరు నేలకు బాగా దగ్గరగా ఉంటాయి; తుపాను గాలికి ఎత్తి పట్టుకోవడానికి అంచు దొరకదు.

గుడ్డనే శాశ్వతమైన కప్పుగా మార్చాలంటే దాన్ని రెండు ఎదురు వంపుల్లో లాగి బిగించాలి, గుర్రపు జీనులాగ. ఒక దిక్కు దారాలు పైనుంచి వచ్చే భారాన్ని మోస్తాయి, అడ్డదిక్కు దారాలు గాలి పైకి లాగేటప్పుడు పట్టి ఉంచుతాయి. ఎటు నుంచి బలం వచ్చినా గుడ్డ ఎగిరెగిరి కొట్టుకోదు. జర్మన్ ఇంజనీరు, వాస్తుశిల్పి ఫ్రై ఓట్టో సబ్బు పొరలను తీగ చట్రాల మీద నిలిపి ఈ ఆకారాలను పరిశీలించాడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ కోసం వాస్తుశిల్పి బేనిష్ బృందంతో కలిసి ఆయన నిలిపిన ఉక్కుతాళ్ళ వల, దాని మీద పరిచిన పారదర్శక అక్రిలిక్ పలకలు కలిసి 75 వేల చదరపు మీటర్ల దాకా కప్పుతాయి. రోమన్లు అంతకు చాలాముందే కొలోసియం ప్రేక్షకుల మీదికి తెరచాప గుడ్డలు లాగారు. ఆ తాళ్ళ పని చూసింది నౌకాదళపు నావికులు. గాలిలో గుడ్డను అదుపు చేయడం వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మిగిలింది నిప్పు. తాటాకును చల్లగా ఉంచే గుణాలే దాన్ని ఇట్టే అంటుకునేలా చేస్తాయి: పలచటి ఎండుటాకు, పొర పొరకూ మధ్య గాలి, కింది నుంచి పైకి దారి. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంటశాల నుంచి బడి ఆకుల కప్పుకు మంటలు పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. గుడ్డ పందిరి మేలని చెప్పడానికీ లేదు. 1995 డిసెంబర్ 23న హర్యానాలోని డబ్వాలీలో పాఠశాల వార్షికోత్సవానికి వేసిన పందిరి అంటుకుని 400 మందికి పైగా చనిపోయారు. నైలాన్, పాలియెస్టర్ గుడ్డ మండుతూ కరిగి కింద ఉన్నవాళ్ళ మీద బొట్లుబొట్లుగా పడుతుంది. నూలుగుడ్డ మండుతుంది గాని కరగదు. 1997 ఏప్రిల్‌లో హజ్ సమయంలో మినాలో గుడారాలు తగలబడి 340 మందికి పైగా మరణించాక, అక్కడ టెఫ్లాన్ పూసిన గాజునార గుడారాలు వేశారు. అవి అంత తేలిగ్గా అంటుకోవు.

పందిళ్ళలో అగ్ని జాగ్రత్తల కోసం భారత ప్రమాణాల సంస్థ విడిగా ఐఎస్ 8758 అనే ప్రమాణాన్ని రూపొందించింది. అనుభవం ఉన్న టెంట్‌హౌస్ వాళ్ళు పాటించే పద్ధతులు కూడా కాస్త అటూ ఇటూగా అవే. సింథటిక్ గుడ్డ, సింథటిక్ తాడు వాడరు. హైటెన్షన్ తీగల కింద పందిరి వెయ్యరు. బల్బులనూ, హాలోజన్ దీపాలనూ గుడ్డకు తగలనివ్వరు, అతుకుల వైర్లను రాటలకు చుట్టరు. బయటికి దారులు ఒకటికి మించి, ఎదురెదురు వైపుల్లో ఉంచుతారు. వంట పొయ్యిలను ప్రధాన పందిరికి దూరంగా, గాలి వీచే దిక్కు చూసి, నిప్పురవ్వ పందిరి మీదికి రాని వైపు పెడతారు.